అమ్మ పాటకు పేరు

మనవరాలు వ్యాసం రాస్తా పుస్తకం పేరు కింద స్కేలు పెట్టి గీత గీస్తోంది. పాట పేరుకైతే రెండు పక్కలా కొటేషన్లు పెట్టాలంట. "పెన్సిలు ఊరికే అరగదీయమాక" అని కసిరినాను గానీ, అది మళ్లీ చెక్కతా ఉంటే ఆ పెన్సిలు పొట్టు వాసనకి మా మూడో తరగతి గుర్తొచ్చింది.

మా అయ్యవారు కూడా ఇదే చెప్పినాడు. నచ్చిన పాట మీద వ్యాసం రాసి, దాని పేరు కొటేషన్లలో పెట్టమన్నాడు. నాకు నచ్చింది మా అమ్మ కోవూరు మళ్లల్లో నాట్లేస్తా సొంతంగా కట్టిన పాట. దానికి పేరు లేదు. మాలో బిడ్డలకు పేరు పెట్టేది పాస్టరుగారే, పాటకూ ఆయనే పెట్టాలనుకున్నా. ఆదివారం ప్రార్థన అయినాక, మా అమ్మ పాటకి పేరు పెట్టమని అందరి ముందరా ఆయన్ని అడిగేసినాను.

"ఏ పాటమ్మా? ఒకసారి పాడు, విందాం" అన్నాడాయన అమ్మతో.

ఆడోళ్లు నవ్వినారు. "మళ్లో కూసే కూతలకి పేరంట!" అనింది ఒకామె. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా చెయ్యి పట్టి ఇంటికి లాక్కొచ్చేసింది.

ఆ తర్వాత నాట్లల్లో అమ్మ చర్చి పాటలే పాడేది. సొంత పాట మరిచిపోయిందనుకున్నా. మరిచిపోలేదు, సిగ్గుతో మింగేసుకుందని నా బిడ్డలు పెద్దోళ్లయినాక గానీ నాకు తెలియలేదు. అప్పటికి అమ్మ లేదు. ఆ రాగం ఇప్పటికీ వస్తుంది నాకు. మాట ఒక్కటి కూడా రాదు.