ఫోటోలోని పాదాలు నావి కావు

మంగళవారం పొద్దున్న యూనివర్సిటీకి బయలుదేరుతూ బూటు లేసు కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. మా పక్క వీధిలో ఉండే తెలుగావిడ, ఫిజీ దీవుల నుంచి వచ్చింది కాబట్టి మాకు ఫిజీ ఆంటీ. మా అత్తయ్య నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే ఆవిడ వంటశాలలో పనిచేస్తుంది. "అమ్మాయీ, మీ అత్త పోయింది. టీ తీసుకుపోయాను, అప్పటికే పోయింది," అంది. నేను "సరే ఆంటీ" అని ఫోన్ పెట్టేసి, రెండో బూటు లేసు కూడా కట్టుకున్నాను. కొత్త మాట కనిపిస్తే నోటుబుక్కులో రాసుకునే అలవాటున్న నాకు ఆ పూట దొరికిన మాట ఆ 'సరే' ఒక్కటే.

ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఆమె తెలుసు. పట్టుచీర కట్టుకుని, కింద తెల్ల నర్సు బూట్లతో చర్చికి వచ్చేది. "ఇరవై ఏళ్ళుగా ఈ పాదాలు నన్ను మోస్తున్నాయి, ఆదివారం కూడా వాటిని బాధపెట్టడం దేనికి," అనేది. ఆమె మా నాన్నకు అక్క. ఏడేళ్ళ కిందట మమ్మల్ని నరసాపురం నుంచి మెల్‌బోర్న్ రప్పించి, రెండేళ్ళు తన ఇంట్లోనే ఉంచుకుంది. చివరి ఆరు వారాలు తాను పనిచేసిన వార్డులోనే పడుకుంది. పడుకుని కూడా దుప్పటి మూలలు చూసి, "ఈ మూల మడిచింది ఎవరే? సగం సగం పని," అని విసుక్కునేది.

ఆమెకు నీళ్ళు మోచేత్తో చూసే అలవాటు ఉండేది. స్నానానికైనా, గిన్నెలు కడగడానికైనా ముందు మోచెయ్యి ముంచేది. "అరిచెయ్యి మొద్దుబారిపోతుందే, దాన్ని నమ్మకు," అనేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

తొంభై రెండు జనవరిలో ఆమెకు లాంగ్ సర్వీస్ లీవ్ వచ్చింది, ఏళ్ళ తరబడి ఒకేచోట పనిచేస్తే ఇచ్చే పెద్ద సెలవు. ఆ సెలవు వస్తే మనవాళ్ళందరూ ఏం చేస్తారో మీకు తెలుసు. ఇండియా వెళ్ళి, మూడు పెళ్ళిళ్ళు చూసి, ఆవకాయ జాడీలతో తిరిగొస్తారు. మా అత్తయ్య హోబార్ట్ రేవుకు వెళ్ళి, అక్కడ ఒక చిన్న రష్యన్ ఓడ ఎక్కి అంటార్కిటికా వెళ్ళింది. వార్డులో ఎవరో వదిలేసిన పత్రికలో ఆ మంచు బొమ్మలు చూసిందట, అంతే. ఓడలో ఆమె గదికి రెండు మంచాలు. రెండోది నాకేనని నేను అనుకున్నాను.

"నన్ను తీసుకెళ్ళవా అత్తయ్యా?"

"నీకు ఇయర్ ట్వెల్వ్ కదే, స్కూల్లో ఆఖరి పరీక్షల ఏడు. ఫిజీ ఆంటీకైతే లీవుంది. పైగా ఆవిడ గురక పెట్టదు."

"నేను మాత్రం పెడతానా?"

"పెడతావు. మీ నాన్న పోలిక."

ఆమె వెళ్ళిన ఆ వారాల్లో నేను చేసింది ఒకటే. నిఘంటువు ముందేసుకుని చలికి సంబంధించిన మాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. శీతలం, వణుకు, జిల్లుమనడం, కొంకర్లు పోవడం. ఆ మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి, ఆ మంచు మాత్రం ఆమెకు దక్కింది. ఇది న్యాయం కాదని నాకు గట్టిగా అనిపించింది. సెలవులకు ఊళ్ళెళ్ళి జనం పలచబడ్డ చర్చిలో నా పక్కన ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే, ఆమె కోసం ప్రార్థన చేయడానికి కూడా నాకు మనసొప్పలేదు.

తిరిగొచ్చాక వంటింట్లో సాసర్‌లో టీ పోసుకుంటూ చెప్పింది. అక్కడ ఒకరోజు ఓడలో జనం సరదాగా ఆ మంచు నీళ్ళలోకి దూకారట. తానూ దూకిందట.

"ఓడ ఆపేరు. నిచ్చెన దింపేరు. నడుముకి తాడు కట్టేరు. దూకేను. లాగేసేరు. సూపు ఇచ్చేరు."

"అంతేనా?"

"సూపు బాగుందే. బీట్‌రూటు వేసేరు."

"అసలెందుకు దూకేవు? నీకు ఈత కూడా రాదు కదా."

"ఏం జరుగుతుందో చూద్దామని వెళ్ళి లైన్లో నిలబడ్డాను. లైన్లో నిలబడ్డాక మధ్యలో వచ్చేస్తే బాగోదు కదా."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇంత పెద్ద సంగతి ఇలాంటి మనిషికా జరగడం.

అసలు కథ తర్వాత ఫిజీ ఆంటీ దగ్గర తెలిసింది. అందరూ ఈత బట్టలు వేసుకుని, ముక్కు మూసుకుని, కాళ్ళు ముందుకు పెట్టి దూకారు. మా అత్తయ్య పాత చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, నిచ్చెన చివర నీళ్ళకు వీపు పెట్టి నిలబడింది. రెండు చేతులూ గుండెల మీద మడిచి, కళ్ళు మూసుకుని, వెనక్కి వాలిపోయింది. ఎందుకంటే జనం చూస్తుండగా ఆమె నీళ్ళలో మునిగింది జీవితంలో ఒక్కసారే. పదిహేనో ఏట, నరసాపురం కాలువలో, బాప్తిస్మం రోజున. మునగడమంటే అలాగేనని ఆమెకు తెలుసు. ఆ రోజు వీపు కింద పాస్టరుగారి చెయ్యి ఉంది. ఇక్కడ లేదు. తాడు పట్టుకున్న రష్యన్ నావికుడు ఆమె స్పృహ తప్పి పడిపోయిందనుకుని, ఒక్క ఉదుటున పైకి లాగేశాడు. మొత్తం మూడు సెకన్లు.

ఫోటో తీసింది ఫిజీ ఆంటీయే. అందరి ఫోటోల్లోనూ మొహాలున్నాయి. మా అత్తయ్య ఫోటోలో తల ఎప్పుడో మునిగిపోయింది, నీళ్ళ పైన రెండు అరికాళ్ళు మాత్రం ఉన్నాయి.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది చెబుతాను. నిరుడు ఈ పత్రికలోనే, మంచు నీళ్ళలో మునిగిన అనుభవం గురించి నాలుగు పేజీల వ్యాసం నా పేరుతో వచ్చింది. "నేను దూకాను" అని మొదలవుతుంది. పక్కనే ఆ పాదాల ఫోటో వేశారు. మొదట అది స్కూల్లో రాసిన వ్యాసం. టీచర్ క్లాసులో చదివి వినిపించింది. తర్వాత సంపాదకులు అడిగితే తెలుగులో రాసిచ్చాను. అత్తయ్య వెళ్ళిందని మీకు తెలుసు కాబట్టి, నేనూ వెళ్ళాననుకోవడం మీకు కష్టం కాలేదు. దూకింది నేను కాదు. ఆ పాదాలు నావి కావు.

ఆ అక్టోబరులో మన సంఘం వాళ్ళు పార్కులో పెట్టిన బార్బెక్యూ విందుకు చాలామంది వచ్చారు. ఒక అంకుల్ ప్లేటుతో నా దగ్గరికొచ్చి, "ఎంత ధైర్యం అమ్మా నీది, చదువుతుంటే నాకే వణుకొచ్చింది," అన్నారు. తర్వాత పక్కనే ఉన్న అత్తయ్య వైపు తిరిగి, "మరి మీరు దూకలేదా అండీ?" అని అడిగారు.

నా చేతిలోని చికెన్ ముక్క చల్లారిపోయింది. ఫిజీ ఆంటీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అత్తయ్య ఉల్లిపాయ ముక్కలు ప్లేటు అంచుకు జరుపుతూ, "నాకు ఈత రాదండి. అదే ధైర్యస్తురాలు, ఆయ్," అంది.

ఇంటికొస్తుంటే కారు ఆమే నడిపింది. తిడితే బాగుండుననిపించింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఎదురుగా చూస్తూనే అంది.

"బాగా రాసేవే. ఒక్కటే తప్పు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

"వణికించాయి, వణికించాయి అని ఆరుసార్లు రాసేవు. ఆ నీళ్ళు వణికించవే. కాలుస్తాయి. మోచెయ్యి పెడితే కాలిందనుకుని వెనక్కి తీసేస్తాం, అలా ఉంటాయి. వణుకు తర్వాతెప్పుడో సూపు దగ్గరొచ్చింది."

సిగ్నల్ మారింది. నా నోట్లోని క్షమాపణ అక్కడే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, కుళ్ళు. ఓడ ఆమెదే, నీళ్ళు ఆమెవే, నాలుగు పేజీలు వెతికినా నాకు దొరకని ఆ ఒక్క మాట కూడా ఆమె దగ్గరే ఉంది. ఇంటికెళ్ళి నోటుబుక్కులో చలి కింద "కాల్చడం" అని రాసుకున్నాను. ఎవరి మాటో రాయలేదు.

ఆసుపత్రిలో ఆ ఆరు వారాలూ సాయంత్రాలు వెళ్ళి ఆమె మడమలకు వాజెలీన్ రాసేదాన్ని. ఎడమ మడమ మీద అడ్డంగా లోతైన పగులు ఉండేది. రోజూ రాస్తూ, ఈ రోజు చెప్పేద్దాం, ఈ రోజు అడిగేద్దాం అనుకునేదాన్ని. ఆమె మాత్రం, "వేళ్ళ మధ్య కూడా రాయవే, సగం సగం పని చెయ్యకు," అనేది. నేను రాసి, చెయ్యి తుడుచుకుని, ట్రామెక్కి వచ్చేసేదాన్ని. చెప్పకుండానే అయిపోయింది.

సమాధి కార్యక్రమం తర్వాత చర్చి హాల్లో ఫిజీ ఆంటీ నాకొక కవరిచ్చింది. అత్తయ్య హ్యాండ్‌బ్యాగులో ఉందట. లోపల ఆ వ్యాసమున్న పత్రిక, నాలుగు మడతలు పెట్టి ఉంది. దాంతోపాటు అసలు రంగుల ఫోటో.

"వార్డులో అందరికీ చూపించేది, మా పిల్ల రాసింది చూడండి అని. తెలుగు ఎవరికి వచ్చు అక్కడ? అక్షరాలు చూసి బాగుంది, బాగుంది అనేవాళ్ళు," అంది ఆంటీ.

"నేను దొంగతనం చేశానని మీతో అనలేదా?"

ఆంటీ తల అడ్డంగా ఊపింది. "దొంగతనం అనలేదు. కుళ్ళుకుంది. 'నేను నీళ్ళలో ఉన్నది మూడు సెకన్లు, అది చూడు నాలుగు పేజీలు నీళ్ళలో ఉంది,' అనింది. 'నన్ను ఆ నావికుడు లాగేసినాడు, దాన్ని ఎవరూ లాగలేదు,' అని మళ్ళీ మళ్ళీ అనేది."

ఆమెకు నా మీద కుళ్ళు. అంత సంతోషం ఆ రోజు కలగకూడదు. కలిగింది. అయినా నా కుళ్ళు తగ్గలేదు. ఇప్పటికీ ఆ మూడు సెకన్లు నాకిచ్చి, ఆ నాలుగు పేజీలూ తీసుకోమని ఆమెతో బేరమాడాలని ఉంది.

ఈ వ్యాసానికి ఆమె మొహం కనిపించే ఫోటో ఏదైనా ఇమ్మని సంపాదకులు అడిగారు. నేను ఆ పాదాల ఫోటోనే మళ్ళీ ఇచ్చాను, ఈసారి కింద ఆమె పేరు వేయమన్నాను. నిరుడు ముద్రణలో నల్లగా అలుక్కుపోయింది గానీ, రంగుల ఫోటోలో అంతా తెలుస్తుంది. వెనక తెల్లటి మంచు, ముందు నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద ఆకాశానికి తిరిగిన రెండు అరికాళ్ళు, ఎడమ మడమ మీద అడ్డంగా పగులు. అవి ఇంకా తడవలేదు. తక్కిన మనిషంతా అప్పటికే ఆ కాల్చే నీళ్ళలో ఉంది.