దారిలో పోయని పిప్పి

పూ యిన్‌శ్యాంగ్ కేక వినపడితేనే మా సందుకు తెల్లవారేది. భుజాన కావడి, ఒక పక్క కుండలో వేడి తోఫు, రెండో పక్క గిన్నెలూ కారపు నూనే. "తోఫూ... మెత్తని తోఫూ..." అని ఆమె సాగదీస్తే రేవు దాకా వినిపించేది. ఒక వసంతంలో, నది ఎర్రగా పొంగిన రోజున, రేవు పడవ బోల్తా పడి ఆమె మొగుడు మునిగిపోయాడు. కర్మలన్నీ అయ్యాక ఆమె మళ్లీ కావడి ఎత్తుకుంది గాని గొంతు గుసగుస దాటి రాలేదు. గిన్నె మీద చెంచాతో కొట్టుకుంటూ తిరిగేది. ఆ చప్పుడు లోపలి గదులకు చేరదు. మధ్యాహ్నానికి కుండలో సగం అలాగే చల్లబడేది. ఇలాగే సాగితే కావడి అమ్ముకోవాల్సిందేనని అందరికీ తెలుసు, ఆమెకు కూడా.

నూడుల్స్ అమ్మే దెంగ్ పిన్ని ఒకనాడు ఆమెను రెక్క పట్టుకుని ఫాంగ్ వైద్యుడి దుకాణానికి లాక్కొచ్చింది. నేను అప్పుడు అక్కడే బల్ల మీద కూర్చుని నా మోకాలి మందు కోసం చూస్తున్నాను.

ఫాంగ్ మూడు వేళ్లు ఆమె మణికట్టు మీద పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "గొంతులో ఎలా ఉంటుందమ్మాయ్?"

"ప్లమ్ గింజ అడ్డం పడ్డట్టుందయ్యా. మింగితే దిగదు, కక్కితే రాదు."

"అన్నం?"

"అన్నం దిగుతుంది. గింజే దిగదు."

పెద్దాసుపత్రిలో అప్పటికే గొట్టం వేసి చూసి అక్కడేమీ లేదని పంపేశారు. ఫాంగ్ కూడా ఏమీ లేదనే అన్నాడు. కానీ ఆయన చదివిన వైద్యంలో ఆ లేనిదానికి ఒక పేరుంది: ప్లమ్ గింజ జబ్బు. దిగులు కదలక ముడిపడి గొంతులో కూర్చుంటుందట. పేరు వినగానే యిన్‌శ్యాంగ్ భుజాలు కాస్త కిందికి దిగడం చూశాను. ఆయన మొగుడి సంగతి ఒక్క ముక్క అడగలేదు. చెట్టు బెరడు, ఊదారంగు ఆకు, అల్లం, ఇంకేవో కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

వేసవి వచ్చింది, గొంతు రాలేదు.

"అసలు తాగుతోందా?" అంది దెంగ్ పిన్ని. "దీని గుమ్మం ముందు పిప్పి చూశారా ఎప్పుడైనా? మందు కోళ్లకు పోస్తోందేమో."

కషాయం కాచాక పిప్పి దారి మధ్యలో పారబోస్తాం మేం. పదిమంది తొక్కితే రోగం వాళ్ల కాళ్ల వెంట వెళ్లిపోతుందని. మా సందులో పిప్పి లేని గుమ్మం ఆమెది ఒక్కటే.

ఫాంగ్ అడిగితే, పొయ్యి వెనక బుట్టలో దాస్తున్నానని చెప్పింది. "అది పిల్లలు బడికెళ్లే దారయ్యా. నాది వాళ్లకెందుకు?"

ఆ ఆచారం మీద ఫాంగ్‌కు నమ్మకం ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. గడ్డం గోక్కుని, "అయితే నా మెట్ల మీద పోసెయ్" అన్నాడు. "ఊళ్లో రోగాలన్నీ నా చుట్టూనే కూర్చుంటాయి. నాకు కొత్తగా అంటుకునేదేముంది?"

"అంటుకుంటే మాత్రం ఈయన్ని ఎవరు చూస్తారు? తన మందు తనే తాగడు" అంది పిన్ని.

ఆ రోజునుంచి యిన్‌శ్యాంగ్ ఆయన రాతిమెట్ల మీద పిప్పి పోసి, ఎదురుగా చూరు కింద నిలబడి ఆయన తొక్కడం చూసేది. ఆయన దగ్గితే ఆమె మొహం పాలిపోయేది. జలుబు అని ఆయన చెప్పినా వినేది కాదు.

ఒక సాయంత్రం పెద్ద వాన. మెట్ల మీద పిప్పి నాని జారుడుగా ఉంది. ఫాంగ్ గొడుగు వేసుకుని, అరిగిన గుడ్డచెప్పులతో గడప దాటి కాలెత్తాడు.

"ఆగండి! అడుగెయ్యకండి!"

ఎదురు చూరు కింద నుంచి వచ్చిన ఆ యిన్‌శ్యాంగ్ కేకకు సందు సందంతా తలుపులు తీసింది. ఫాంగ్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఇక కాలు దించండి పెద్దాయనా, కొంగలా ఉన్నారు" అంది పిన్ని.

ఎవరో నవ్వారు. యిన్‌శ్యాంగ్ నవ్వలేదు. వానలోనే వచ్చి ఆయన మెట్టు మీద కూలబడింది.

"ఆ రోజూ ఇలాగే అరిచాను" అంది. గొంతు బొంగురుగా ఉన్నా అందరికీ వినపడింది. "పడవ కదులుతోంది, పరుగెత్తు పరుగెత్తు అని. మా ఆయన వెనక్కి చూసి నవ్వి, దూకి ఎక్కేశాడు."

ఫాంగ్ గొడుగు ఆమె మీదికి వంచి, ఆ తడి పిప్పిలోనే పక్కన కూర్చున్నాడు. ఆమె ఏడ్చినంతసేపూ గొడుగు అలాగే పట్టుకున్నాడు. ఆ తర్వాత మణికట్టు అందుకుని, "లోపలికి రా అమ్మాయ్, మందు మార్చాలి" అన్నాడు.

ఆమె చేత అరిపించాలనే కాలెత్తారా అని తర్వాత అడిగాను. "వానలో జారిపడే సరదా వయసా నాది?" అని మళ్లీ బెరడు తరగడంలో పడ్డాడు. అది జవాబో కాదో తేల్చుకోలేకపోయాను.

యిన్‌శ్యాంగ్ కేక మళ్లీ వినిపిస్తోంది, మునుపంత పొడుగ్గా కాదు. రేవు దగ్గర మాత్రం కావడి దించి ఊరికే నిలబడుతుంది. పడవ ఎక్కేవాళ్లంతా ఎక్కి, అది నది మధ్యకు వెళ్లాకే నోరు తెరుస్తుంది.