అత్త మోచేతులు, నా మెడ

నేను డాక్టరును కాను. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ కొద్ది రోజులు నాకొక్కడికే తెలియకుండా పోయింది. దానివల్ల మా ఇంట్లో జరిగిన ఘోరం చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నవ్వడం అయ్యాక నన్ను రెండు తిట్టండి.

చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది నాకు. పనంటే తామర మందు ట్యూబులను డబ్బాల్లో పెట్టడం. ఆరు నెలలు ఆ డబ్బాల మీది అక్షరాలు చదివేసరికి చర్మరోగాలన్నీ నా గుప్పిట్లో ఉన్నాయనిపించింది. ఆ జ్ఞానంతో సెలవు మీద తిరుమలగిరి దగ్గరి మా ఊరికి వచ్చాను. అప్పటికే మా చెల్లె స్వరూప కాన్పయి ఇంట్లో ఉంది.

పాపకు రోజూ నీళ్లు పోసేది మా మేనత్త ఎల్లమ్మ. కాళ్లు చాపుకుని, పాపను వాటి మీద పడుకోబెట్టి, నూనె రుద్ది పోసేది. ఊళ్లో సగం మంది ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే, నాతో సహా. తనకంటూ పిల్లలు లేని ఆమెకు ఆ ఘడియే పండుగ.

ఒక పొద్దున ఆమె మోచేతులు నా కంటబడ్డాయి. ఎర్రగా, మందంగా లేచిన మచ్చలు. వాటి మీద తెల్లటి పొలుసులు.

"అత్తా, గిది తామర! పాపకు అంటుకుంటది!"

"ఏండ్ల సంది ఉన్నది బిడ్డా. ఎవ్వలికి అంటలే."

"నీకు తెల్వదు. మా కంపెనీల రోజు చూస్తున్న."

నేను చూసేది ట్యూబులను, రోగులను కాదు. ఆ మాట అడిగేవాళ్లు లేకపోయారు.

"జర ఆగురా, దవాఖానల చూపిద్దాం" అని నాయిన అన్నా వినలేదు. అత్తకు గ్లాసు వేరు చేసి, గుర్తుకు ఎర్రదారం కట్టాను. పాపను ముట్టొద్దన్నాను. అత్తేమో పాప స్నానం వేళకు లేచి మా గొర్రెల దొడ్డి దగ్గర కూర్చునేది.

మరి నేనేం చేశాను? అక్కడక్కడా వెంట్రుకలు ఊడిన గొర్రెపిల్ల ఒకటి ముద్దొస్తే, మెడ మీద వేసుకుని ఫొటోలు దిగాను. అదే మెడకు పాపను ఆనించుకుని జోకొట్టాను. మెడ దురద పెడితే ఎండ వల్ల అనుకున్నాను.

పది రోజులకు పాప బుగ్గ మీద గుండ్రటి మచ్చ లేచింది.

"చూసిండ్రా! నేను చెప్పలే?" అని గెలిచినవాడిలా అరిచి, అందరినీ ఆటోలో ఎక్కించి చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆమె ముందు అత్త మోచేతులు చూసింది. "ఇది సోరియాసిస్. ఎవరికీ అంటుకోదు." తర్వాత పాపను చూసింది. "ఇది తామర. అంచు ఉంగరంలెక్క లేచి, నడుమ చర్మం మామూలుగ ఉన్నది చూడు. మనుషుల నుంచి, జీవాల నుంచి అంటుతది. ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?"

"ఎవ్వలికి లేదు మేడం" అన్నాను మెడ గోక్కుంటూ.

"కాలర్ కిందికి జరుపు."

జరిపాను. పాప బుగ్గ మీద ఉన్నదొకటే. నా మెడ మీద అలాంటివి మూడు, రూపాయి బిళ్లంతేసి.

తిరుగు దారిలో స్వరూప నా మొహం చూడలేదు. "తప్పయింది అత్తా" అన్నాను.

"గా మాట పాపకు చెప్పు బిడ్డా. పది దినాల సంది నీళ్లు పోస్తుంటె ఏడుస్తాంది" అంది అత్త.

ఆ సాయంత్రం అత్త మళ్లీ కాళ్లు చాపుకుంది. పాప ఏడవలేదు. పాపను తుడిచి చెల్లె చేతికిచ్చి, అత్త నాకు మంచినీళ్లు తెచ్చింది. గ్లాసుకు ఎర్రదారం ఉంది.

"తాగు బిడ్డా. ఫికర్ జెయ్యకు, గిది ఇగ నీదే."

ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను.

కాబట్టి ఆ ఎర్రదారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి ఒంటి మీద ఏ మచ్చ కనిపించినా, నోరు తెరిచే ముందు నా కాలర్ దించి చూసుకుంటాను.