ఏడో ఫోటో

దెయ్యాలని ఎవరైనా నా ముందు నోరు తెరిస్తే నేను ఊరుకునేదాన్ని కాను. బెంగళూరులో ఇరవై ఏళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. మా అమ్మ దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టిన నిమ్మకాయను విప్పుకొచ్చి చారులో పిండేసిన మనిషిని. ఇప్పుడు నేనే ఇట్లాంటిది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. మూడు నెలలు ఊరుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

మా కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరూ ఒక ప్రాణిని ఎంచుకుని, గమనించి, ఫోటోలతో సహా పరిశోధన పత్రం రాయాలి. బాగున్నవి కాలేజీ వెబ్‌సైట్‌లో పెడతాం. వాళ్లకు గైడ్‌ని నేనే. మొదటి క్లాసులోనే చెప్పేస్తాను: నెట్‌లో దొరికిన పులి నాకొద్దు, మీ బాత్‌రూంలో తిరిగే బల్లి చాలు. ప్రతి ఫోటో కిందా ఎవరు తీశారు, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు అని ఉండాలి. తీసింది తీసినట్టే పెట్టాలి. ఏ రోజు తీసింది ఆ రోజే నాకు మెయిల్ చేయాలి.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మెయిళ్లు నేను తెరిచేదాన్ని కాదు. నలభై మంది పిల్లలు రోజూ పంపిస్తే ఎవరు చూస్తారప్పా! పంపాలన్న భయం వాళ్లకుంటే చాలనుకునేదాన్ని. చివర్లో పత్రం చేతికొచ్చాకే చదివేదాన్ని.

ఆ నలభై మందిలో రేణుక ఒకతి. మడకశిర వైపు నుంచి వచ్చిన కుటుంబం. వర్తూరులో లేచే అపార్ట్‌మెంట్లకు వాళ్ల నాన్న ఇనప కంబీలు కడతాడు, అమ్మ ఇటుకలు మోస్తుంది. సైటు పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. పత్రం మొత్తం పగిలిన ఫోనులోనే టైపు చేసింది. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. ఈ ఏడు పాసైతే ఆపైన చదువుకోవచ్చు, తప్పితే తమతోపాటు పనికి రావాలని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడట. ఈ పత్రంలో నేను తప్పిస్తే ఏడాది తప్పినట్టే.

ఆమె ఎంచుకున్నది మట్టిగూడు కట్టే కందిరీగ. ఈ కందిరీగ తడిమట్టితో చిన్న చిన్న గదులు కడుతుంది. ఒక్కో గదిలో సాలెపురుగుల్ని కుట్టి, చావకుండా కదలకుండా చేసి పడేసి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల పురుగు వాటిని తిని పెరిగి, కొన్ని వారాలకు కందిరీగై, గోడకు కన్నం చేసుకుని బయటికొస్తుంది.

మా కాలేజీ వెనక వైపు మొదటి అంతస్తులో, పాతకాలపు సీసాల్లో చచ్చిన ప్రాణుల్ని భద్రపరిచిన గది ఒకటుంది. ఎప్పుడూ తాళమే. దాని కిటికీ అద్దానికి బయటి వైపు కట్టుకుంది కందిరీగ. పక్కనే ఇనప మెట్లు. రేణుక పన్నెండు రోజులు మధ్యాహ్నం భోజనం మానుకుని ఆ మెట్ల మీద నిలబడి, రోజుకొక ఫోటో తీసింది.

పత్రం చాలా బాగుంది. చదువుతుంటే సంతోషమేసింది. ఏడో ఫోటో దగ్గర ఆగిపోయాను.

ఆరో ఫోటోలో రెండు గదులు పూర్తయి, మూడోది సగంలో ఉంది. ఎనిమిదో ఫోటోలో ఆ మూడోదాన్ని కందిరీగ మూసేస్తోంది. మధ్యలో ఉన్న ఏడో ఫోటోలో మూడు గదులూ ఎండిపోయి, మూడింటికీ కన్నాలున్నాయి. అంటే పిల్లలు ఎగిరిపోయాక తీసిన ఫోటో. ఏ రోజుదని రాసిందో ఆ రోజుకి గూడు కట్టడమే పూర్తి కాలేదు. పైగా అద్దం వెనకాల ఒక చెయ్యి, అరచెయ్యి మొత్తం అద్దానికి ఆనించి ఉంది. ఆ గది తాళంచెవి నా బీరువాలో ఉంటుంది. ఆ ఏడాది ఎవరూ అడగలేదు, నేనూ తీయలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. స్టాఫ్‌రూంకి పిలిపించి, ఇద్దరు లెక్చరర్లు వింటుండగానే కడిగేశాను. ఎక్కడ్నించి ఎత్తుకొచ్చావని అడిగాను.

"నేనే తీసినా మేడమ్. ఆ పొద్దే మీకు మెయిల్ చేసినా. మీ మెయిల్లో ఉండాది, చూడండి," అంది.

"మరి లోపల ఆ చెయ్యి ఎవరిది?"

"తెలీదు మేడమ్. తీసేటప్పుడు అద్దం మీద ఎండ తప్ప నాకేమీ కనపడలా."

మెయిల్ చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. చూడలేదు. నాకే పాఠం చెబుతోందా అనిపించింది. సోమవారం హెచ్ఓడీకి రిపోర్టు ఇస్తాను, దొంగ ఫోటో పెట్టిందని రాస్తాను అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. "అట్లయితే నేను సైటుకు పోవాల్సిందే మేడమ్," అని వెళ్లిపోయింది.

ఆ శనివారం ఒంటిగంటకే కాలేజీ ఖాళీ అయింది. రిపోర్టులో గట్టిగా రాయాలంటే గూడు నా కళ్లతో చూడాలి కదా అని ఆగిపోయాను. ఇనప మెట్లకు వెల్డింగ్ పనుందని గురువారం నుంచే కింద గేటుకు తాళమేశారు. అందుకని గది లోపల్నించే చూద్దామని తాళంచెవి తీసుకుని వెళ్లాను. ఫోను స్టాఫ్‌రూంలో చార్జింగులో పెట్టాను.

ఆ తలుపు లాగితే దానంతటదే లాక్ పడుతుంది. లోపలి పిడి ఊడిపోయి చాలా కాలమైంది. అందుకే అందరం తలుపుకు స్టూలు అడ్డం పెడతాం. నేనూ పెట్టాను. తాళంచెవి మాత్రం బయట తలుపుకే వదిలేశాను. నేను కిటికీ దాకా వెళ్లేసరికి గాలి ఒక్క ఊపు ఊపింది. స్టూలు జారింది, తలుపు ధడేల్మని పడింది.

మొదట నవ్వొచ్చింది. పిడి ఉండాల్సిన చోట వేలు పెట్టి తిప్పాను, పెన్ను పెట్టాను, జడపిన్ను పెట్టాను. కదల్లేదు. తలుపు బాదాను. పక్క స్థలంలో బిల్డింగు కడుతున్నారు, జనరేటర్ ఒకటే మోత. నా అరుపు నాకే సరిగా వినపడలేదు.

అరగంటయ్యాక నవ్వు పోయింది. రేపు ఆదివారం. నాకు షుగరుంది, పొద్దున రెండిడ్లీలు తిన్నానంతే. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, రాలేదని వెతికేవాళ్లు లేరు. గదిలో ఫార్మలిన్ ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. చుట్టూ సీసాల్లో పాములు, కప్పలు, నోళ్లు తెరుచుకున్న చేపలు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు చూపించినవే. ఆ రోజు వాటి వైపు చూడబుద్ధి కాలేదు. చచ్చిపోతానేమోనని భయమేసింది. అవును, నిజంగానే భయమేసింది.

కిటికీకి కడ్డీలున్నాయి. దాని రెక్కలు ఏనాడో బిగుసుకుపోయాయి. గూడు అక్కడే ఉంది. అద్దానికే కట్టింది కాబట్టి, లోపల్నించి చూస్తే మూడు గదులూ అడ్డంగా కోసినట్టు కనిపిస్తున్నాయి. మూడూ చీకటిగా, మూసినవి మూసినట్టే ఉన్నాయి. ఒక్క కన్నం లేదు. చిక్కుకుపోయి ఉండి కూడా, చూశావా, నేనన్నదే నిజం అనుకున్నాను. ఏం మనిషినో!

కడ్డీల మధ్య నుంచి అద్దం మీద కొట్టాను. మూల పగులు పట్టి, పై నుంచి కింది దాకా ఒక గీత పడింది. నా బొటనవేలు తెగింది. సీసాల మూతులకు కట్టే తెల్లగుడ్డ పీలిక ఒకటి తీసి వేలికి చుట్టుకున్నాను. పంటితో ముడి బిగించాను.

మూడు దాటి పది నిమిషాలకు, వాచీ చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను, మధ్య గదిలో సూది మొనంత వెలుగు కనిపించింది. లోపలి కందిరీగ గోడ తొలుస్తోంది. తల తిప్పి తిప్పి, ఆగి, మళ్లీ తొలుస్తోంది. వెలుగు ఆవగింజంత అయింది, శనగగింజంత అయింది. అది దూరి బయటపడింది. నేను కడ్డీలు పట్టుకుని దాన్నే చూస్తున్నాను. చెబితే నవ్వుతారు, దాని మీద అసూయ కలిగింది నాకు.

కాసేపటికి రెండోది. నాలుగు కావస్తుండగా మూడోది. మూడూ ఒకే పూట రావడం నేనెప్పుడూ చూడలేదు. మూడోది ఎగిరిపోయాక తలెత్తితే, ఇనప మెట్ల మీద రేణుక నిలబడి ఉంది.

ఆకుపచ్చ చున్నీ వేసుకుంది. ఫోను ఎత్తి పట్టుకుంది. మా ఇద్దరికీ మధ్య మూరెడు దూరం. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు. "రేణుకా! తలుపు తియ్యమ్మా!" అని అరిచాను. అరచెయ్యి అద్దానికి ఆనించి బాదాను. ఆ పిల్ల చూపు గూటి మీదే ఉంది. ఒక ఫోటో తీసింది. ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. ఎండకు కళ్లు చికిలించి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

పగబట్టి వదిలేసి పోయిందనుకున్నాను. ఆ తర్వాతి రెండు గంటలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి తిట్టి ఏడ్చాను.

ఆరు కావస్తుంటే అటెండర్ నంజప్ప గదులన్నీ చూసుకుంటూ వచ్చి, తలుపుకు తాళంచెవి వేలాడుతుండటం చూసి తీశాడు. మంచినీళ్లు కూడా అడక్కుండా, రేణుక ఎటు పోయిందని అడిగాను. "యారూ ఇల్ల మేడమ్," అన్నాడు కన్నడంలో, ఎవరూ లేరని. మధ్యాహ్నం నుంచి కాలేజీ గేటు దగ్గరే ఉన్నానని, ఏ పిల్లా రాలేదని అన్నాడు. మెట్ల కిందికి తీసుకెళ్లి చూపించాడు. మెట్ల గేటుకు తాళం వేసినట్టే ఉంది. పైన మూడు మెట్లు అప్పటికే ఊడదీసి పక్కన పేర్చారు. ఆ పిల్ల నిలబడ్డ మెట్టు వాటిలో ఒకటి.

ఫోను తీసుకుని రేణుకకు చేశాను. వాళ్ల నాన్న ఎత్తాడు. "పాప పొద్దున్నుంచీ ఇక్కడే ఉండాది మేడమ్. మీరు ఫెయిల్ చేస్తామన్నారంట కదా. ఇంక ఆలస్యమెందుకని ఈ పొద్దే పనికి వచ్చేసింది. వాళ్లమ్మతో ఇటుకలు మోస్తా ఉండాది, పిలవమంటారా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వద్దని పెట్టేశాను.

అప్పుడు కూర్చుని మెయిల్ తెరిచాను. నెలంతా తెరవని మెయిళ్లు కుప్పగా పడున్నాయి. వెతికితే రేణుకది దొరికింది. ఇరవై ఆరు రోజుల కిందట, మధ్యాహ్నం ఒకటింపావుకు వచ్చింది. అప్పటికి నేనా గదివైపే పోలేదు. ఫోటో పెద్దది చేసి చూశాను. మూడు కన్నాలు. అద్దం మీద పై నుంచి కింది దాకా గీత. అరచెయ్యి. బొటనవేలికి తెల్లగుడ్డ, పక్కకు పడిన ముడి, ముడి కింద నెత్తురు మరక. నా వేలు తెర పక్కన పెట్టి చూసుకున్నాను. ముడి కూడా అదే. ఒళ్లు చల్లబడిపోయింది. నంజప్ప భయపడి కాఫీలో చక్కెరేసి తాగించాడు.

ఫోను గడియారం తప్పంటారా, ఆ మెయిల్ చేరింది నా పెట్టెలోకి, దాని తేదీ ఆ పిల్ల చేతిలో లేదు. షుగరు పడిపోయి నేనేదో ఊహించుకున్నానంటారా, ఇప్పటికీ బొటనవేలికి మచ్చుంది, అద్దానికి గీతుంది. ఎన్ని విధాల ఆలోచించినా తిరిగి తిరిగి ఆ గదిలోకే వచ్చి పడుతున్నాను.

సోమవారం రేణుకను పిలిపించి తేలిక దారి చూపాను. ఏడో ఫోటో తీసెయ్, పాస్ చేసేస్తాను అన్నాను. "తీసింది తీసినట్టే పెట్టమన్నారు కదా మేడమ్. ఇప్పుడు తీసేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే," అంది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

హెచ్ఓడీ దగ్గరికి వెళ్లి మెయిల్ తేదీ చూపించి, తప్పు నాదేనని చెప్పాను. కన్నాల సంగతి ఆయన పట్టించుకోలేదు, ఆయనది వృక్షశాస్త్రం. చెయ్యి ఎవరిదని మాత్రం అడిగారు. నాదేనన్నాను. ఆ రోజు మీరు గదిలో ఉన్నారన్నమాట అని రాసుకున్నారు. కాదని ఎట్లా చెప్పను? ఊరుకున్నాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని పిల్లల ప్రాణం తీసే నేను, ఆ కాగితం మీద సంతకం పెట్టాను. పత్రం వెబ్‌సైట్‌లోకి వెళ్లింది. రేణుక పాసైంది.

స్టాఫ్‌రూంలో అవమానించాను కాబట్టి, అదే స్టాఫ్‌రూంలో ఆ ఇద్దరు లెక్చరర్ల ముందే క్షమించమ్మా అని అడిగాను. గదిలో జరిగిందంతా తర్వాత ఆమె ఒక్కదానికే చెప్పాను. మెట్ల మీద ఆమెను చూశానని కూడా చెప్పాను. కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. భయపడుతుందనుకున్నాను.

తర్వాత నెమ్మదిగా అడిగింది. "మీరు ఆ పొద్దు లోపల చిక్కుకోకపోయింటే, నా మెయిల్ తెరిచి చూసేవారా మేడమ్?"

ఆ ఫోటో ఎట్లా వచ్చిందో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. ఆ పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం తెలుసు. తెరిచేదాన్ని కాదు.