ఓడపార ఆనవాళ్ళు

ఇప్పటికీ ఎవరైనా ‘ఆధారం ఏదీ?’ అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అరవైల చివర, చరిత్రలో పరిశోధనకి సీటు కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగిన రోజుల్లో మా గైడుగారి నోట నేను విన్నది ఆ ఒక్క మాటే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగేవారు. నేను నిలబడే ఉండేవాణ్ణి. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉండేది, కూర్చోమని ఏనాడూ అనలేదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. కోటబొమ్మాళి స్టేషన్లో రైలెక్కితే, అమ్మ చేపల గంపల వాసన నా చొక్కాకి ఉందేమోనని భయపడుతూ కూర్చునేవాణ్ణి. నేను రాయాలనుకున్నది మా తీరంలో ఆగిపోయిన పాత ఓడల వ్యాపారం గురించి. ఏం రాయబోతున్నామో చెప్పే సినాప్సిస్ ఒప్పుకుంటేనే సీటు. గైడుగారు మూడుసార్లు తిప్పి కొట్టారు.

“ఏ రాజవంశం మీదో రాసుకోవయ్యా. శాసనాలుంటాయి. మీ ఊళ్ళో ఓడ మునిగిందని మీ వాళ్ళు అనుకుంటే అది చరిత్రయిపోతుందా? ఎక్కడ మునిగింది? చోటు చూపించు.”

చోటు మా ఇంట్లో వాళ్ళకి తెలుసు. సముద్రం అడుగున ఉండే రాళ్ళ గుట్టని మేము పార అంటాం. పార దగ్గరే పెద్ద చేప. మా ఇంటి పారని ఓడపార అంటారు, ఏ కాలంలోనో ఓడ ఒకటి దాని మీద పగిలిందని. దాని ఆనవాళ్ళు గట్టు మీద నోరెత్తి చెప్పకూడదు. నావ పార మీదికి వచ్చాక, తండ్రి కొడుక్కి వేలితో చూపిస్తాడు, అంతే. పక్కింటివాడికి పిల్లనిస్తారు గానీ పార చెప్పరు.

నాకు చూపించమని అయ్యని అడిగాను. చదువు కోసమని చెప్పాను.

“నావెక్కరా. గట్టు మీద అడగకు,” అన్నాడు.

నీళ్ళ మీదికి వెళ్ళాక చూపించాడు. తాటితోపు నెత్తిన కొండ కొమ్ము నిలబడాలి. అదే సమయానికి ఉత్తరాన ఉప్పు నిలవుంచే కొటార్ల పెంకుల కప్పు ఇసుక దిబ్బ చాటుకి పోవాలి. ఆ రెండూ కుదిరిన చోట కిందనే పార.

“నాకూ మీ సిన్నాన్నకే తెలుసు. ఇప్పుడు నీకు. ఇంకెవులికీ సెప్పకు,” అన్నాడు.

సరేనన్నాను. ఆ వారమే పటం గీశాను. తాటితోపు, కొండ, కొటార్లు, రెండు గీతలు, అవి కలిసిన చోట నల్లసిరాతో చుక్క. నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడు ఏమంటాడో చూద్దాం అన్న పొగరే ఉంది. గైడుగారు పటాన్ని అటూ ఇటూ తిప్పి, “చూద్దాం, ఉంచు,” అని సొరుగులో పడేశారు.

మరుసటి వేసంగికి ఓడపార మీద ఇంజిన్ బోట్లు వచ్చాయి. ఒకటి వచ్చింది, తర్వాత మూడు. నైలాన్ వలలు వేసి కోనాం చేపని పిల్లా పెద్దా లేకుండా ఊడ్చుకుపోయారు. అయ్యా చిన్నాన్నా తెల్లారి వెళ్ళి, మధ్యాహ్నానికి ఖాళీ నావతో వచ్చేవారు. అమ్మ గంప బోర్లించి గోడకి ఆనించింది.

ఆ రోజుల్లోనే గైడుగారి ఉత్తరం వచ్చింది. నేను వీధి అరుగు మీద నిలబడి చదివాను. “నీ పటం మా బావమరిదికి ఇచ్చాను, ఆయనకి బోట్లున్నాయి. చాలా ఉపకారం జరిగిందట. అక్కడ వాళ్ళ లంగరుకి పాతకాలపు ఇనప గొలుసు తగులుకుని పైకి వచ్చింది. ఇక నీకు ఆధారం దొరికినట్టే. సినాప్సిస్ ఆమోదించాం.” ఎంత నిబ్బరంగా రాశాడా మనిషి! మా కంచం లాక్కున్నట్టు కూడా అతనికి తోచలేదు. ఆ క్షణంలో ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకునేవాణ్ణి.

అయ్య లోపల్నించి వచ్చి, “ఏటిరా రాసారు?” అన్నాడు.

“సీటు ఇచ్చారు.”

“మంచిదేరా.” అరుగు మీద కూర్చుని అన్నాడు. “మీ సిన్నాన్నే సెప్పాడ్రా ఆ బోట్లోలకి. ముగ్గురికే తెలుసు కదా. నువ్వా సదువుకున్నోడివి, నీకు బోట్లోలతో పనేటి? ఆడే. ఇంక ఆడితో నావెక్కను.”

ఉత్తరం నా చేతిలోనే ఉంది. అయ్యకి చదువు రాదు. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే సీటు వదులుకోవాలి, లేదా అయ్య మొహం చూడకుండా చదువుకోవాలి. నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

చిన్నాన్న ఎన్ని ఒట్లు వేసినా అయ్య వినలేదు. అన్నదమ్ములు నావ అమ్ముకుని ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. నేను రాశాను, డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. గైడుగారిని మాత్రం కనిపించిన ప్రతివాడి దగ్గరా తిట్టాను. దొంగ అన్నాను. పీక్కుతినే జాతి అన్నాను. తిట్టినంతసేపూ నా సంగతి ఎవరూ అడగరు కదా.

అయ్య పోయిన రోజు చిన్నాన్న తడి కళ్ళతో వచ్చి, పాడె పట్టుకోబోయాడు. తమ్ముడి చెయ్యి తన పాడెకి తగలకూడదని అయ్య నా చేత ఒట్టు వేయించుకుని పోయాడు. అందరూ నా వైపు చూశారు. నేనే ముందుకెళ్ళి, ఆయన చెయ్యి తీసేశాను.