పెంచలయ్య శెట్టి పీకించిన ద్వారబంధం

ఉదయగిరిలో ఇల్లు అమ్ముడుపోక అగచాట్లు పడేవాళ్ళు చివరికి నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఊరి బడిలో అయిదో తరగతితో ఆపేసినా, చుట్టుపక్కల ఊళ్ళ తగాదాలు మా అరుగు మీద కూర్చునే తీర్చినవాణ్ణి. నెల్లూరు బస్సు మా ఊరి కొండ కిందికి రావాలని అర్జీ రాసిన చెయ్యి కూడా ఇదే. అట్లా వచ్చినవాళ్ళలో పెంచలయ్య శెట్టి ఒకడు.

చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం ఆయనది. తూకంలో మోసం లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు: తమ్ముడు కామయ్య బాగుంటే అన్నం సయించదు. చిన్నప్పుడు కామయ్యకు జ్వరమొచ్చి బొరుగుల ఉండలు పెడుతుంటే, తానూ దుప్పటి కప్పుకొని మూలిగాడని వాళ్ళమ్మ శీనమ్మే నవ్వుతూ చెప్పేది.

వాళ్ళ నాయన పోయాక ఇంటికి నడిమధ్య గోడ పెట్టి పంచింది నేనే. తాతల నాటి టేకు ద్వారబంధం గడపతో సహా పెద్దవాడి వాటాకు వచ్చింది. కామయ్య తన సగానికి కొత్త వాకిలి కొట్టించుకున్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు కామయ్య తన సగం అమ్మేసి, ఆత్మకూరులో అంగడి తెరిచి ఇల్లు కట్టాడు. పెంచలయ్యకు కంటి మీద కునుకు లేదు.

“వానికి రెండు వాకిళ్ళంట రెడ్డిగారూ, మిద్దె మీదికి మెట్లంట!”

ఆయన కూడా ఆత్మకూరులోనే, సరిగ్గా తమ్ముడి ఇంటి ఎదుట స్థలం కొన్నాడు. ఇల్లు కట్టేటప్పుడు ముందు ద్వారబంధం నిలిపి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే గోడలు లేపుతాం. ఇంటి లక్ష్మి ఉండేది అందులోనే. పెంచలయ్య నాతో మాటమాత్రం అనకుండా, ఉదయగిరి ఇంటి టేకు బంధాన్ని పీకించి బండి మీద ఆత్మకూరు తోలించి అక్కడ నిలిపాడు. పాత ఇంటికి తుమ్మచెక్క బంధం ఒకటి బిగించాడు.

“పొద్దున లేస్తే కామయ్య దాని మొగమే చూడాల,” అన్నాడు వచ్చి.

కొత్త ఇంటి గోడలు లేచాయి. పాత ఇల్లు అమ్మితే గాని దూలాలూ పెంకులూ రావు. అది కదలలేదు. వెల తగ్గించాడు, సున్నం కొట్టించాడు, మధ్యవర్తిని మార్చాడు. వచ్చినవాళ్ళు వాకిట్లో తలెత్తి చూసి, “ఇంట్లో అడిగి చెప్తాం” అని పోయేవాళ్ళు. కొత్త ఇంటివి మట్టి గోడలు. కార్తీకం వానల లోపల కప్పు పడకపోతే కరిగి కూలిపోతాయి.

“అంతా కామయ్యే చెడగొడతా ఉండాడు రెడ్డిగారూ. వాని సగం ఇట్ట చెప్పంగానే పోయింది. నా దాంట్లో బావి ఉండాది, పెరడుండాది. ఏం తక్కువ?”

“ఈసారి బేరానికి నేనొస్తా శెట్టీ. నువ్వు నోరు మూసుకోనుండు,” అన్నాను.

దుత్తలూరు నుంచి వేరుశనగల వ్యాపారి ఆదినారాయణ, భార్య మాలకొండమ్మ వచ్చారు. ఆయన బావి చూశాడు, పెరడు చూశాడు. ఆమె గడప దాటలేదు.

“లోపలికి రామ్మా,” అన్నాను.

“ఏం చూసేదానికి రెడ్డిగారూ? లక్ష్మిని బండెక్కించి పంపించినాడు గదా ఈ అన్న. ఉత్త గోడలు మాకెందుకు?”

పెంచలయ్య ఎగిరిపడ్డాడు. “ఎవురు చెప్పినారు నీకు? మా కామయ్యేనా?”

“ఒకరు చెప్పాల్నా? ఆత్మకూరు పోతా ఆ బండి మా వాకిట్లోనే ఆగినాది. మా తొట్లోనే నీ ఎద్దులు నీళ్ళు తాగినాయి.”

నాకు సంగతి బోధపడింది. “బంధం తిరిగి తెస్తే కొంటావా తల్లీ?”

“గడపతో సహా తెస్తే, ఈ పొయ్యి మీదనే పాలు పొంగిస్తా.”

వాళ్ళు పక్కకు పోగానే పెంచలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. “కామయ్య కళ్ళముందర పీకాల రెడ్డిగారూ! దానికన్నా చావు మేలు.”

“ఆ గోడలు కూలితే కూడా కామయ్యే చూసేది. ఏది మేలో నువ్వే చెప్పు.”

పీకించిన రోజు నేనూ ఆత్మకూరు పోయాను. ఎదుటి అరుగు మీద కామయ్య తాంబూలం నములుతూ కూర్చున్నాడు.

“ఏందన్నా, లక్ష్మికి ఆత్మకూరు నీళ్ళు పడలేదా?”

“నీ మొగం చూడలేనని ఏడ్చినాది రా!”

గోడ పగలగొట్టే కూలీలు కూడా నవ్వారు. నవ్వనిది పెంచలయ్య ఒక్కడే. బంధం బండెక్కేదాకా తమ్ముడికి వీపు చూపించి నిలబడ్డాడు.

బేరం కుదిరింది. వానలకు ముందే పెంకులు పడ్డాయి. ఇల్లు అమ్ముడుపోకుంటే వెల తగ్గించడం కాదు, కొనేవాడి భార్య ఎక్కడ ఆగిపోయిందో చూసుకోమని అప్పటి నుంచీ అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. నా మాట విన్నవాడెవడూ చెడిపోలేదు.

పెంచలయ్య కూడా ఆత్మకూరులో బాగానే సంపాదించాడు. కామయ్య పేరెత్తడం మానేశాడు. కానీ నేనెప్పుడు పోయినా, విస్తరి ముందు కూర్చోగానే అడిగేవాడు.

“మా పాతింట్లో దుత్తలూరోళ్ళకు గిరాకీ ఎట్టుండాది?”

“గిడ్డంగి కట్టినారు. సీతారామపురం సరుకంతా వాళ్ళ దగ్గరికే వస్తా ఉండాది.”

“అదంతా నాకు రావాల్సింది,” అని అన్నం కలిపిన చెయ్యి విదిలించి లేచిపోయేవాడు.

“ఆయన తినేదాకా ఒక్క అబద్ధం చెప్పకూడదా రెడ్డిగారూ?” అనేది ఆయన భార్య చెంచులక్ష్మి, తీసిన విస్తరి చేత్తో పట్టుకొని.