నూట ఇరవై హెచ్‌పీ డ్రాగన్

ఇవాళ చిలకలూరిపేటలో ఒక కొట్టు ముందు డ్రాగన్ బొమ్మల కార్డులు వేలాడుతుంటే, నాకు ఎండుమిరప ఘాటుకు తుమ్మొచ్చినంత పనైంది.

గుర్తుందా మీకు? కల్లంలో మిరపకాయలు ఆరబోసిన పట్టా అంచున కూర్చుని ఈ కార్డులే ఆడేవాళ్లం. కార్డు మూలన హెచ్‌పీ అని ఉండేది. ఎవరిది ఎక్కువైతే రెండు కార్డులూ వాళ్లవే. హెచ్‌పీ అంటే మనకు తెలిసింది ఒక్కటే, బోరు మోటారు!

ఒకరోజు పక్కింటి శీను రెక్కల గుర్రాన్ని వేసి, "తొంభై హెచ్‌పీ! అయిపోయావే!" అని అరిచాడు. నేను తాపీగా నా డ్రాగన్‌ని వేశాను. నూట ఇరవై!

కాయలు తిరగేస్తున్న నాన్న ఠక్కున ఆగాడు. ఆ ఏడు మా మోటారు అప్పటికే రెండుసార్లు కాలిపోయింది.

"ఏదీ, ఇలా తే. మన మోటారే అయిదు హెచ్‌పీ గదే!" అంటూ ఆ కార్డు పట్టుకెళ్లి, స్టార్టరు పెట్టె మీద కుంకుమ బొట్టు పక్కనే అంటించాడు.

ఇదంతా చెబితే, నాతో వచ్చిన మా అమ్మాయి కొట్టు ముందే పడీపడీ నవ్వింది.

"అమ్మా, కార్డు మీద హెచ్‌పీ అంటే హార్స్‌పవర్ కాదే! ఆ జంతువుకు ఎంత ప్రాణం ఉందో చెప్పే లెక్క!"

"ఆ సంగతి మన మోటారుకు తెలియదులే. డ్రాగన్ ఎక్కాక మళ్లీ ఒక్కసారి కాలితే ఒట్టు!"